జరిగిన బొమ్మ

తొమ్మిది రోజుల కిందట, వాన పడుతున్న ఒక ఉదయం, వాననీటి పంపింగ్ స్టేషన్‌లో మూడో కాలువ గేటు లేచింది. కింద ఇనుప జాలీకి పట్టిన చెత్త తీస్తున్న మనిషి ఆ నీళ్ళలో కొట్టుకుపోయాడు. రోజంతా నీళ్ళలో నానినా తుమ్మైనా తుమ్మడని అతన్ని అందరూ బాతన్న అని పిలిచేవాళ్ళు. గేటు ఎత్తే బటన్ నొక్కింది బుల్లి వాళ్ళ బావ.

"చూసే నొక్కాను. మూడో కాలవ ఖాళీగా ఉంది. మనిషి నాలుగో కాలవలో ఉన్నాడు" అని మొదటి రోజు ఏం చెప్పాడో, విచారణ సంఘం ముందూ అదే చెప్పాడాయన. కెమెరా రికార్డింగు వేసి చూశారు. బాతన్న మూడో కాలువలోనే ఉన్నాడు. నాలుగో కాలువలో పురుగైనా లేదు. సంఘంలో ఒకాయన నవ్వు ఆపుకోలేక మొహం పక్కకి తిప్పుకున్నాడట.

ఇక ఒక్క కాగితమే మిగిలింది. కంట్రోల్ రూమ్‌లోని తెరల గోడని రెండేళ్ళ కిందట బిగించింది బుల్లే. తెరల్లో ఏ లోపమూ లేదని ఆమె సంతకం పెడితే, తప్పంతా కుర్చీలో కూర్చున్న మనిషిదే అవుతుంది. ఆ సంతకం కోసం రమ్మని ఫోన్ వచ్చినప్పుడు ఆమె "వస్తాను సార్" అంది. రాత్రంతా ఆలోచించి, మర్నాడు పనిముట్ల సంచి భుజాన వేసుకుని బయల్దేరింది.

*

కంట్రోల్ రూమ్‌లో తడి గొడుగుల వాసన. మూడు పైన, మూడు కింద, మొత్తం ఆరు తెరలు గోడంతా పరుచుకుని ఉన్నాయి. ఒక్కో తెరలో ఒక్కో కాలువ. అన్నీ ఒకేలాంటి సిమెంటు గోడలు, ఒకేలాంటి నల్లటి నీళ్ళు. ఏది ఏ కాలువో తెలియడానికి తెరల అంచుల మీద ఎవరో కాగితం ముక్కలు అంటించి స్కెచ్‌పెన్నుతో ఒకటి నుంచి ఆరు వరకు అంకెలు వేశారు. బావ కుర్చీలో ఇప్పుడు కొత్త ఆపరేటర్ ఉన్నాడు. బటన్ల వైపు చేతులు పోకుండా రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

"రామ్మా, కూర్చో" అన్నాడు సూపరింటెండెంటు. "నీకు ఇబ్బందేనని తెలుసు. బావ కేసులో మరదలి సంతకమంటే నలుగురూ నాలుగు రకాలుగా అనుకుంటారు. కానీ బిగించింది నువ్వాయె. ఇంకెవరు పెట్టినా చెల్లదన్నారు."

ఫైలు ఆమె ముందుకి జరిపాడు. మూడే వాక్యాలు. కింద గీత.

"ఒకసారి చూసి పెడతాను సార్."

"చూడు, చూడు. చూసేందుకేం ఉంది, అన్నీ దీపాల్లా వెలుగుతున్నాయి."

నిజంగానే వెలుగుతున్నాయి. బుల్లి గోడకి రెండడుగుల దూరంలో నిలబడి ఒక్కో తెరనీ చూసింది. రంగు తేడా లేదు, గీతలు లేవు, మసక లేదు. ఈ పనిలోకి వచ్చిన కొత్తలో తోటివాళ్ళు ఆమెని "బుల్లితెర" అని ఏడిపించేవాళ్ళు. ఈ గోడ బిగించాక మాత్రం పని నేర్పిన మాస్టారు ఆరుగురి ముందు ఆమె భుజం తట్టి, "ఇక నుంచి పెద్దతెర అనండ్రా" అన్నారు. అంత బాగా కుదిరిన గోడ ఇది. ఆ మాట గుర్తొచ్చి ఆమెకి లోపల్లోపల సిగ్గేసింది. మనిషి పోయిన గదిలో నిలబడి తన పని ఎంత బాగుందో చూసుకుంటోంది.

అద్దాల మీద వాన పెరిగింది. కొత్త ఆపరేటర్ సూపరింటెండెంటు వైపు చూశాడు.

"నీళ్ళు గీత దాటుతున్నాయి సార్. రెండో పంపు వెయ్యనా?"

"వెయ్యి."

ఎక్కడో కాళ్ళ కింద పెద్ద మోటారు మూలిగింది. గదిలో లైట్లు ఒక్క క్షణం డీలాపడి మళ్ళీ లేచాయి. మూడో తెర కళ్ళు మూసి తెరిచినట్టు ఆరి వెలిగింది.

"అదెప్పుడూ ఉండేదే" అన్నాడు సూపరింటెండెంటు, ఫైల్లోంచి తలెత్తకుండానే. "పెద్ద మోటారు కదా, కరెంటంతా లాగేస్తుంది."

బుల్లి కదల్లేదు. మూడో తెరలో ఎడమవైపు గోడకి తుప్పు పట్టిన నిచ్చెన ఒకటి కనిపిస్తోంది. ఇందాక అది అక్కడ లేదు. ఆరింటిలోకీ పాతదైన ఆరో కాలువకొక్కదానికే నిచ్చెన ఉంది. కెమెరాలు పెట్టినప్పుడు ఆ నిచ్చెన ఎక్కి దిగింది తనే కదా. ఇందాక మూడో తెరలో ఒక పసుపుపచ్చ బకెట్టు తేలుతుండేది. ఇప్పుడది నాలుగో తెరలో తేలుతోంది.

మూడులో ఉండాల్సిన బొమ్మ నాలుగులోకి జరిగింది. ఆరులో ఉండాల్సింది మూడులోకి వచ్చింది.

 బయటి మనిషికి ఏ తేడా తెలియదు. అదే గోడ, అవే నీళ్ళు. కాగితమ్ముక్కలు మాత్రం కదలకుండా ఎక్కడివక్కడే ఉన్నాయి.

"వెనకాల కూడా చూడాలి సార్" అని గోడకీ తెరలకీ మధ్యనున్న సందులోకి పక్కకి తిరిగి దూరింది.

మామూలుగా ఇలాంటి గోడకి కంప్యూటరుకీ తెరలకీ మధ్య ఒక పెట్టె ఉంటుంది. ఏ బొమ్మ ఏ తెరకి పోవాలో పంచేది అదే. రెండేళ్ళ కిందట ఆ పెట్టె సమయానికి రాలేదు. తెల్లారితే ప్రారంభోత్సవం. మాస్టారు తల పట్టుకుని కూర్చుంటే బుల్లే అంది, "పెట్టె ఎందుకు మాస్టారూ? కంప్యూటర్లో గ్రాఫిక్స్ కార్డుకి ఆరు నోళ్ళున్నాయి, మనకి ఆరు తెరలున్నాయి. నేరుగా కార్డుకే కలిపేద్దాం." కలిపేసింది. గోడ వెలిగింది. తాత్కాలికం అనుకున్నది అలాగే ఉండిపోయింది. పెట్టె వచ్చాక దాన్ని ఇంకో పనికి పంపేశారు.

నేరుగా కలిపితే ఒక చిక్కుంది. ఏ తెరైనా ఒక్క క్షణం ఆరిపోతే, ఆ తెర వెళ్ళిపోయిందనుకుని కార్డు దాన్ని లెక్కలోంచి తీసేస్తుంది. మళ్ళీ వెలిగితే ఎవరో కొత్తగా వచ్చారనుకుంటుంది. వరసలోంచి బయటికి పోయి వచ్చినవాడు చివర నిలబడాల్సిందే కదా. మూడోది చివరికి పోతుంది, వెనకున్నవన్నీ ఒక్కో అడుగు ముందుకి జరుగుతాయి. కార్డు నాలుగో తెరని మూడోదనుకుని దానికి మూడో కాలువ బొమ్మ పంపుతుంది, చివరికి పోయిన మూడో తెరకి ఆరో కాలువది. పది నిమిషాలకోసారి కెమెరాల ప్రోగ్రాం తనంతట తనే బొమ్మల్ని మళ్ళీ సర్దుతుంది. ఈలోపల గోడ అబద్ధం చెబుతూనే ఉంటుంది. రికార్డింగు తీసేది కెమెరా దగ్గర కాబట్టి, అందులో ఈ అబద్ధం పడదు.

దీనికి మందు కూడా ఉంది. కేబులుకీ కార్డుకీ మధ్య బొటనవేలంత పిన్ను ఒకటి పెట్టాలి. ఫిట్టర్లు దాన్ని దొంగపిన్ను అంటారు. తెర ఆరినా ఆరలేదని అది కార్డుకి చెబుతూ ఉంటుంది. ఒక్కో తెరకి ఒక్కోటి.

బుల్లి టార్చి నోట కరుచుకుని కార్డు వెనక వేళ్ళతో తడుముతూ లెక్కపెట్టింది. ఒకటి. రెండు. వేలు ఖాళీలో పడింది. నాలుగు. అయిదు. ఆరు.

రెండేళ్ళ కిందట ప్యాకెట్టులో అయిదు పిన్నులే వచ్చాయి. ఒకటి తక్కువ పడింది. ఆ రోజు శనివారం. సోమవారం తెచ్చి పెడదాం అనుకుంది. ఆదివారం అమ్మకి పక్షవాతం వచ్చింది. నలభై రోజులు ఆస్పత్రి, ఆ తర్వాత అమ్మ లేదు. మళ్ళీ పనిలోకి వచ్చేసరికి ఎన్నో పనులు ఆమె కోసం కాచుకుని ఉన్నాయి. ఈ గోడ బాగానే వెలుగుతోందన్నారు. వెలుగుతున్నదాని జోలికి ఎవరు పోతారు?

ఆ సందులో ఎంతసేపు ఉందో ఆమెకి తెలియదు. బయటికి వచ్చేసరికి బకెట్టు మళ్ళీ మూడో తెరలో తేలుతోంది. నిచ్చెన ఆరో తెరకి వెళ్ళిపోయింది. అంతా ఉండాల్సినట్టే ఉంది.

"ఏమ్మా, బాగానే ఉందా?" సూపరింటెండెంటు పెన్ను మూత తీసి పట్టుకున్నాడు.

"నాలుగింటిలోపల తెచ్చిస్తాను సార్" అని ఆ కాగితం తీసి సంచిలో పెట్టుకుంది.

"ఇక్కడే పెట్టేస్తే పోయేదిగా!"

"మాస్టారికి ఒకసారి చూపించాలి."

ఆయన మొహంలో మొదటిసారి అనుమానం కదిలింది. "నాలుగింటికి సంఘం కూర్చుంటుందమ్మా. ఆ తర్వాత ఫైలు పోలీసులకి వెళ్ళిపోతుంది. ఆలోచించుకో."

*

బస్సులోంచి మాస్టారికి ఫోన్ చేసింది. పని నేర్పిందీ, ఉద్యోగం ఇచ్చిందీ, అమ్మ పోయినప్పుడు ముందు నడిచిందీ ఆయనే. చూసిందంతా చెప్పింది.  

"సంతకం పెట్టేసి రా" అన్నారాయన. గొంతు బొంగురుగా ఉంది. "మిగతాది తర్వాత మాట్లాడుకుందాం."

"అదేంటి మాస్టారూ, బావ..."

"పెట్టేసి రా. నీ మంచికే చెబుతున్నాను."

తన మీద ప్రేమ కొద్దీ అంటున్నారనుకుంది బుల్లి. కళ్ళు తుడుచుకుని, ఆఫీసు దగ్గర దిగకుండా అక్క వాళ్ళ వీధి దాకా వెళ్ళింది.

తలుపు తీసిన అక్క చేతులకి సబ్బు నురగ ఉంది. ఈ తొమ్మిది రోజులుగా ఉతికినవే ఉతుకుతోంది. లోపల బావ కిటికీ పక్కన కూర్చుని ఉన్నాడు. గడ్డం మాసింది. ఒళ్ళో పిల్లల నోటుపుస్తకం. పేజీ నిండా ఆరేసి గళ్ళు. కొన్నింట్లో మూడో గడిలో చుక్క, కొన్నింట్లో నాలుగో గడిలో.

"రా బుల్లీ" అన్నాడు తలెత్తకుండా. "నిన్న కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళొచ్చాను. దూరంవి, దగ్గరవి, రంగులు, అన్నీ చూశాడు. కళ్ళు భేషుగ్గా ఉన్నాయన్నాడు. అయితే చెడింది బుర్రేనన్నమాట."

"ఏం మాటలండీ అవి?" అంది అక్క.

"లేకపోతే ఏంటే? ఖాళీగా ఉన్నచోట మనిషి కనపడ్డాడు. మనిషి ఉన్నచోట ఖాళీ కనపడింది. మళ్ళీ మళ్ళీ గుర్తు తెచ్చుకుంటున్నా. ఎన్నిసార్లు తెచ్చుకున్నా వాడు నాలుగులోనే ఉన్నాడు. రేపు మీరిద్దరూ ఎదురుగా నిలబడినా, ఎవరు ఎవరో నాకేం నమ్మకం?"

బుల్లి ఆయన ఎదురుగా నేల మీద కూర్చుంది. ఏడ్వకుండా చెప్పాలని బస్సులోనే గట్టిగా అనుకుంది.

"బావా, ఆ రోజు గేటు ఎత్తే ముందు రెండో పంపు వేశావా?"

"వేశాను. వాన కదా. ఎందుకు?"

"మూడో తెర ఆరి వెలిగిందా?"

"వెలిగే ఉంటుంది. ఎప్పుడూ అంతేగా."

"అది వెలిగినప్పుడు బొమ్మలు జరిగాయి. ఆరో కాలవ బొమ్మ మూడులోకొచ్చింది. మూడో కాలవ నాలుగులోకి పోయింది. నువ్వు చూసిందే నిజం బావా. ఖాళీగా ఉన్న తెర మీద మూడని రాసుంది. బాతన్న ఉన్న తెర మీద నాలుగని రాసుంది. ఇందాక నా కళ్ళతో నేను చూశాను."

ఆయన నోటుపుస్తకం మూశాడు. 

"మళ్ళీ చెప్పు."

మళ్ళీ చెప్పింది. ఈసారి ఆయన చేతిలోని పుస్తకం తీసుకుని, గళ్ళు గీసి, బాణాలు వేసి చూపించింది. బావ ఆ బాణాల మీద వేలు పెట్టి నెమ్మదిగా జరిపాడు. ఆరు నుంచి మూడుకి. మూడు నుంచి నాలుగుకి. ఒక్కసారిగా ఆయన భుజాలు ఊగిపోయాయి. పెద్దగా, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. తొమ్మిది రోజుల్లో ఆయన ఏడవడం అదే మొదటిసారని తర్వాత అక్క చెప్పింది.

"నాలుగులో మోచేత్తో నుదురు తుడుచుకున్నాడు బుల్లీ" అన్నాడు వెక్కుతూ. "ఆ చెయ్యి కూడా చూశాను. నేను పిచ్చోణ్ణి కాదు."

"కాదు బావా."

గుమ్మం దగ్గర నిలబడి ఉన్న అక్క అప్పుడు అడిగింది, "బొమ్మలు అలా జరగకుండా ఏం చెయ్యలేరా?"

"చెయ్యొచ్చు. ఒక పిన్ను పెడితే చాలు."

"మరి ఎవరు పెట్టాలది?"

"నేనే అక్కా" అంది బుల్లి.  అక్క వచ్చి పక్కన కూలబడింది.

"ఎప్పుడు?"

"అమ్మకి వచ్చిన మర్నాడు వెళ్ళి పెట్టాలి."

"నేనే కదే నిన్ను కదలనివ్వంది" అంది అక్క. "సోమవారం పొద్దున పనుందని లేచావు. అమ్మ కన్ను తెరిస్తే నువ్వు కనపడాలని కొంగు పట్టుకుని కూర్చోబెట్టాను."

"నలభై రోజుల తర్వాతైనా గుర్తుండాలి కదక్కా. నీదేం లేదు."

వాన కిటికీ తలుపుల మీద కొడుతోంది. 

బావ అన్నాడు, "సంతకం పెట్టెయ్ బుల్లీ. నాకు తెలిసింది, చాలు. నేను చూసింది నిజమేనని నాకు తెలిస్తే చాలు. జైలైనా ఇంకోటైనా భరిస్తాను. ఇద్దరం మునగడమెందుకు?"

"చాలదు" అంది అక్క.

ఆయన ఆమె వైపు తిరిగాడు.

"నీకు చాలుతుందేమో. పిల్లలకి చాలదు. నిన్న చిన్నాడు స్కూల్లో ఎవరి పక్కనా కూర్చోకుండా వచ్చాడు. ఎవరూ కూర్చోనివ్వలేదట." మాట్లాడుతూనే చెల్లెలి మోకాలి మీద చెయ్యి వేసింది. "నువ్వు నా చేతుల్లో పెరిగిన దానివి. నిన్ను పొమ్మనడానికి నాకు నోరెలా వస్తోందో ఆ దేవుడికే తెలియాలి. కానీ చెప్పాలే. చెప్పి తీరాలి."

ఆ చెయ్యి మోకాలి మీద నుంచి తియ్యలేదు.

"అడగడానికి రాలేదక్కా, చెప్పడానికే వచ్చాను" అంది బుల్లి. "మీకు చెప్పి అటే వెళ్దామని." గోడ గడియారం చూసింది. మూడు దాటి పది నిమిషాలు. సంచిలోంచి ఆ కాగితం తీసి, మూడు వాక్యాల మీదా అడ్డంగా గీత కొట్టింది. కింద తన చేతిరాతతో నాలుగు ముక్కలు రాసింది. 'మూడో తెరకి పెట్టాల్సిన పిన్ను నేను పెట్టలేదు' అన్న దగ్గర పెన్ను ఆగింది. ఊపిరి తీసుకుని, సంతకం చేసింది.

అప్పుడే తలుపు చప్పుడైంది.

అక్క వెళ్ళి తీసింది. గుమ్మంలో నలభై ఏళ్ళ ఆడమనిషి. గొడుగు ఉన్నా సగం తడిసిపోయింది. ఎవరో చెప్పకముందే బావ లేచి నిలబడ్డాడు. గోడకి ఆనుకున్నాడు. వచ్చింది బాతన్న భార్య.

"కొట్టడానికి రాలేదు" అందామె, ఆయన్నలా చూసి. "భయపడకండి. ఒక్క మాట అడిగి పోతాను. నాలుగో కాలవ అన్నారట మీరు."

బావ తల ఊపాడు.

"అందరూ నవ్వారట. మా ఇంటికొచ్చి మరీ చెప్పారు, తప్పించుకోడానికి ఏదో వాగుతున్నాడని. నాకు నవ్వు రాలేదు." ఆమె లోపలికి రాకుండా గుమ్మం చెక్క పట్టుకునే మాట్లాడింది. "మా ఆయన కూడా అదే అన్నాడు, పోవడానికి నెల ముందు. టీ తాగుదామని పైకి వెళ్ళాడట. తను మూడో కాలవలో వదిలేసొచ్చిన బుట్ట, గోడ మీద నాలుగులో కనపడిందట. కళ్ళు నులుముకుని చూస్తే అక్కడే ఉందట. కాసేపటికి మళ్ళీ మూడులోకి వచ్చేసిందట. ఇంటికొచ్చి, 'ఏమే, ఏదో రోజు ఆ గోడ నన్ను తీసుకెళ్ళి ఇంకో కాలవలో పడేస్తుంది' అని నవ్వాడు."

బుల్లి లేచి ఆమె దగ్గరికి వెళ్ళి అడిగింది, "ఎవరికైనా చెప్పాడా అమ్మా?"

"చెప్పకుండా ఉంటాడా? ప్రాణం మీద తీపి ఉన్న మనిషే. ఆ తెర అంచు మీద బిగించినవాళ్ళ ఫోన్ నంబరు చీటీ ఉందట. రాసుకొచ్చి మర్నాడు చేశాడు. నేను పక్కనే కూర్చుని బీన్స్ తుంచుతున్నాను. అటు మాట్లాడేది కూడా వినపడింది."

"ఎవరు మాట్లాడారు?"

"ఎవరో పెద్దాయన. మర్యాదగానే మాట్లాడాడు. మొత్తం విన్నాడు. తర్వాత, 'ఆ గోడ మా అమ్మాయి బిగించింది నాయనా. అందులో తప్పుండదు. ఈ సంగతి ఇంకెవరితోనూ అనకు, దాని పేరు పోతుంది' అన్నాడు." ఆమె బుల్లి మొహంలోకి పరీక్షగా చూసింది. "ఎవరమ్మా ఆయన కూతురు? నువ్వేమైనా ఎరుగుదువా?"

బుల్లి చేతిలోని కాగితం నేల మీద పడింది. ఆఫీసులో ఫోనెత్తే పెద్దాయన ఒక్కరే. మాస్టారికి కూతుళ్ళు లేరు.